బ్లడ్ క్యాన్సర్‌: కణాలకు ఎదగడం నేర్పే మందులు.. మధ్యలో ఆపేస్తే ఏమవుతుంది?

కీమో అంటే కణాలను చంపే మందులే అనుకుంటాం. కానీ ఎపిజెనెటిక్ మందుల రూటే వేరు.

అసలేం జరుగుతుంది?
ఎముక మజ్జలో పుట్టే పసి కణాలు ఎదిగి రక్తకణాలుగా మారాలి. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా (ఏఎంఎల్)లో అవి ఎదగకుండానే గుంపులుగా పెరిగిపోతాయి. ఎదుగుదలకు అవసరమైన కొన్ని జన్యువులపై మిథైల్ గుర్తులు పడి, అవి మూగబోవడం ఇందుకు ఒక కారణం.

మందు ఏం చేస్తుంది?
కణం విభజన చెందేటప్పుడు అజాసిటిడిన్, డెసిటాబిన్ డీఎన్‌ఏలోకి చేరి, మిథైల్ గుర్తులు వేసే ఎంజైమ్‌ను బంధించేస్తాయి. దాంతో మూగబోయిన జన్యువులు మళ్లీ ఆన్ అవుతాయి. కొన్ని కణాలు ఎదుగుతాయి, కొన్ని చనిపోతాయి. లుకేమియాకు దారితీసే మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 2004లో అజాసిటిడిన్‌ను, 2006లో డెసిటాబిన్‌ను ఆమోదించింది.

ఓపిక ఎందుకు?
విభజన జరిగినప్పుడే మందు పనిచేస్తుంది. అందుకే అజాసిటిడిన్ ఒక్కటే వాడితే ఫలితం తేలడానికి 4 నుంచి 6 సైకిళ్లు పట్టొచ్చు. ఒక్కో సైకిల్ 28 రోజులు. మొదట్లో రక్తకణాలు ఇంకా పడిపోవచ్చు కూడా. దాన్ని చూసి మందు పనిచేయట్లేదని సొంతంగా ఆపేస్తే ప్రమాదమే. విభజన చెందకుండా నిద్రపోయే లుకేమియా మూలకణాలు మందుకు దొరక్క మిగిలిపోతాయి. వ్యాధి తిరగబెట్టేది చాలావరకు వాటివల్లే.

జోడీ మందు
ఇంటెన్సివ్ కీమో తట్టుకోలేని ఏఎంఎల్ రోగులపై జరిగిన ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి. అజాసిటిడిన్‌కు వెనెటోక్లాక్స్ కలిపితే సగటు (మీడియన్) జీవితకాలం 9.6 నుంచి 14.7 నెలలకు పెరిగింది.

గమనిక: ఇది అవగాహన కోసమే. చికిత్సపై నిర్ణయం డాక్టర్‌తో మాట్లాడాకే తీసుకోండి.