గ్రామఫోను రికార్డులు - రసికాభిప్రాయము

సంగీతచరిత్రమును రచించువారు సాధారణముగా వాగ్గేయకారులను, గాయకులను, వారి గురుపరంపరలను, వారిని పోషించిన ప్రభువులను గూర్చి వ్రాయుదురు. విన్నవారిని గూర్చి వ్రాయువా రరుదు. పాడినవాని పేరు నిలిచినది. తల యూచినవాని పేరు నిలువలేదు. గ్రామఫోను రికార్డు వ్యాప్తిలోనికి వచ్చిన పిదప శ్రోత యీ యజ్ఞాతవాసమునుండి వెలువడెను. ఒకే గానమును వేర్వేరు నగరములవారు విని, అభిప్రాయములను వ్రాసి, ఒకరి నొకరు ఖండించుకొని, మరల విని దిద్దుకొనుట సాధ్యమయ్యెను. ఈ యభిప్రాయవినిమయము వట్టి కాలక్షేపము గాదనియు, ఏ సంగీతము నిలువవలెనో నిర్ణయించుటలో దానికి ముఖ్యమైన పాత్ర గలదనియు మా యభిప్రాయము. దానిని బలపరచు నుదాహరణములను కొన్నింటిని ఇందు పరిశీలింతుము.

మొదట ‘ఆల్బము’ అను మాట. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత రికార్డు పది అంగుళములదైనచో నొక్కొక్క ముఖమున ఇంచుమించు మూడు నిమిషముల గానము మాత్రమే పట్టును. పండ్రెండంగుళములదానియందు నాలుగు నిమిషములకు కొంచె మెక్కువ. దీర్ఘమైన కృతికి పెక్కు రికార్డులు కావలసి యుండెను. 1909లో ఓడియన్ సంస్థ చైకోవ్‌స్కీ రచనయైన ‘నట్‌క్రాకర్’ వాద్యకృతిని నాలుగు రికార్డులలో వెలువరించెను. 1913లో నికిష్ నాయకత్వమున బెర్లిన్ వాద్యబృందము వాయించిన బెథోవెన్ యైదవ సింఫొనీకి ఎనిమిది ముఖములు పట్టినవి. ఇట్టి రికార్డులను ఛాయాచిత్రముల పుస్తకమువలె అట్టలు కట్టిన సంపుటములలో భద్రపరచుటచే వానికి ఆల్బములను పేరు వచ్చెను. వాని వెల సామాన్యులకు భారము. కొనుటకు ముందు ఎవరి వాద్యము మేలో తెలిసికొనవలెనన్న కోరిక సహజముగా గలిగినది. రికార్డు విమర్శ యీ యవసరమునుండియే పుట్టినది.

1923 ఏప్రిల్‌లో నవలారచయిత కాంప్టన్ మెకంజీ లండనులో ‘ది గ్రామఫోన్’ అను మాసపత్రికను స్థాపించెను. ఆయన సంగీతవిద్వాంసుడు గాడు, శ్రోత మాత్రమే. పత్రిక యందలి విమర్శలతోపాటు పాఠకుల లేఖలును చర్చకు వేదిక యయ్యెను. ఆ కాలమున రికార్డుల కంపెనీలు కృతులను కత్తిరించి, ఒకటి రెండు ముఖములకు సరిపడునట్లు కుదించి యమ్ముట గలదు. దీనికి శ్రోతలు చూపిన ప్రతిక్రియ గమనింపదగినది. 1924లో మెకంజీ చందాదారులతో ‘నేషనల్ గ్రామఫోనిక్ సొసైటీ’ని నెలకొల్పి, తక్కిన కంపెనీలు చేపట్టని రచనలను, ముఖ్యముగా కొలది వాద్యములతో గదిలో కూర్చుండి వాయించుకొను సంగీతమును, కోతలు లేకుండ వెలువరించుటకు పూనుకొనెను. అభిప్రాయము అంతటితో ఆగక రికార్డుగా పరిణమించినది.

ఈ పద్ధతిని పెద్ద కంపెనీయే యనుసరింపవలసి వచ్చెను. 1931లో వాల్టర్ లెగ్ హెచ్. ఎం. వి. సంస్థలో ‘హ్యూగో వోల్ఫ్ సొసైటీ’ని ఏర్పరచెను. 500 మంది చందాదారులు చేరినచో ఆ స్వరకర్త గీతములను రికార్డు చేయుదుమని ముందుగా ప్రకటించిరి. చందాదారులు లభించిరి; ఎలెనా గెర్హార్ట్ పాడిన ప్రథమసంపుటము వెలువడెను. అటుపిమ్మట అర్తూర్ ష్నాబెల్ వాయించిన బెథోవెన్ పియానో సొనాటాలు ముప్పదిరెండును 1932 - 1935 సంవత్సరముల నడుమ ఇట్లే చందాదారుల బలమున రికార్డయినవి. పూర్వము రాజులు సంగీతమును పోషించిరి. ఇచ్చట ఒకరి నొకరు ఎరుగని కొన్ని వందలమంది శ్రోత లా పోషకస్థానము నాక్రమించిరి.

జాజ్ సంగీతమున శ్రోతల పాత్ర మరింత విస్పష్టము. ఆ సంగీతము అమెరికాలోని నీగ్రోజాతివారి సృష్టి. అప్పటికప్పుడు కల్పించి వాయించు మనోధర్మము దానికి ప్రాణము. కావున దానికి వ్రాతప్రతి కంటె రికార్డే ప్రమాణగ్రంథము. 1932లో ప్యారిస్ నగరమున ‘హాట్ క్లబ్ ద ఫ్రాన్స్’ ఏర్పడెను. అందు ప్రముఖుడైన యూగ్ పనాసియే 1934లో ‘లె జాజ్ హాట్’ అను గ్రంథమును ప్రకటించెను. షార్ల్ దెలోనే 1936లో ‘హాట్ డిస్కోగ్రఫీ’ని వెలువరించి, ఏ రికార్డులో నెవ రేవాద్యమును వాయించిరో క్రోడీకరించెను. మన ప్రాచీనకావ్యములకు పరిష్కర్తలు చేసిన పనియే యిది.

ఇచ్చట నొక హెచ్చరిక గలదు. పనాసియే తన ప్రథమగ్రంథమున శ్వేతజాతివాద్యకులకు అర్హతకు మించిన స్థానము నిచ్చెను. అతడు మొదట విన్న రికార్డులు వారివే. 1942లో ప్రకటించిన ‘ది రియల్ జాజ్’ అను గ్రంథమున తన పొరపాటును తానే యొప్పుకొనెను. ఈ యంగీకారమును మేము విమర్శకుని లోపముగా గాక గౌరవముగా పరిగణించుచున్నాము. దుకాణమునకు వచ్చినదే సంగీతము, రానిది లేదు అను భ్రాంతి రికార్డు శ్రోతకు సులభముగా గలుగును. ఇంతటి వివేకముగల పనాసియే, రెండవ ప్రపంచయుద్ధానంతరము వచ్చిన ‘బీబాప్’ శైలిని జాజ్ కాదని త్రోసిపుచ్చెను. దెలోనే దాని నాదరించెను. 1947లో క్లబ్బు రెండుగా చీలినది. అభిప్రాయభేదము స్నేహమును చెరిపినను, ఆ వాదములవలన రెండు శైలుల లక్షణములును స్పష్టపడినవి.

న్యూయార్కు నగరమున మిల్ట్ గేబ్లర్ నడిపిన ‘కమోడోర్’ రికార్డుల దుకాణము ఇట్టి రసికులకు కూడలి. కంపెనీలు విడిచిపెట్టిన పాత రికార్డులను మరల అచ్చొత్తించి యాతడు అభిమానుల కందించెను; 1938లో తన దుకాణము పేరిట రికార్డులను తీయ నారంభించెను. నీగ్రోలను మూకలు చంపి చెట్లకు వ్రేలాడదీయు ఘోరమును గూర్చిన ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ గీతమును రికార్డు చేయుటకు కొలంబియా సంస్థ యంగీకరింపకపోగా, 1939లో బిల్లీ హాలిడే దానిని కమోడోర్‌కే పాడెను. ఆ దుకాణమే లేకున్నచో ఆ గీత మప్పుడు రికార్డుకు ఎక్కి యుండునా యన్నది సందేహమే.

ఇక మన సంగతి. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ గానమును రికార్డు చేసినది మొదలు, త్యాగరాజాదుల తెలుగు కృతులు దక్షిణదేశ గాయకుల కంఠములద్వారా రికార్డులకు ఎక్కినవి. తెలుగునాట రంగస్థలపద్యమునకు ప్రత్యేకస్థానము లభించెను. నాటకశాలలో పద్యము నచ్చినచో ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అని కేకలు వేయుదురు. నటుడు మరల పాడును. ఆ ‘వన్స్ మోర్’ రికార్డు మూలమున శ్రోత చేతిలోనికి వచ్చినది. కపిలవాయి రామనాథశాస్త్రి కంఠమును నాటకము చూడనివారును ఇట్లే యెరిగిరి.

రాగము పద్యార్థమును మ్రింగివేయుచున్నదనువారికిని, రాగము లేనిది పద్యము రంజింపదనువారికిని మన నాటకలోకమున చిరకాలవివాదము గలదు. రంగముపై నటుడు ఆలాపనను తన యిచ్చవచ్చినట్లు పెంచవచ్చును. మూడు నిమిషముల రికార్డులో నా స్వేచ్ఛ లేదు. ఈ నియమము పద్యమునకు కొంత మేలు చేసినదని మా తలంపు. కరుణశ్రీ రచించిన ‘పుష్పవిలాపము’ పద్యములను ఘంటసాల పాడిన రికార్డే తార్కాణము. అందు రాగము పదమునకు ఛత్రము పట్టును గాని దానిని కప్పివేయదు. కావ్యమును చదువనివారును ఆ పద్యముల నప్పగించుట మనకు తెలిసినదే. ఇట్టి రికార్డును సాహిత్యచరిత్రకారుడు విస్మరించినచో ఆధునికపద్యవ్యాప్తిని సగమే వివరించినవాడగును.

1948లో దీర్ఘకాలపు రికార్డు వచ్చి, పూర్వపు సంపుటమంతయు నొక్క పలకలో నిమిడెను; ‘ఆల్బము’ అను పేరు మాత్రము నిలిచెను. పాత రికార్డుల జాడను తెలుపు కృషి మన దేశమున జరుగకపోలేదు. మైకెల్ కిన్నియర్ 1994లో గ్రామఫోన్ కంపెనీవారి తొలి భారతీయ రికార్డుల పట్టికను ప్రకటించెను. వి. ఎ. కె. రంగారావు వేలకొలది రికార్డులను సేకరించి, వానిని గూర్చి వ్రాసి మనకు మహోపకారము చేసెను. అయినను రికార్డులు దొరకినంతమాత్రమున చాలదు. వానిని విన్నవా రేమనుకొనిరన్నది పత్రికల సమీక్షలలోను, పాఠకుల లేఖలలోను, దినచర్యలలోను చెదరియున్నది. పనాసియే యనుభవమును గుర్తుంచుకొని, ఎవ రే రికార్డులను విని యా యభిప్రాయమునకు వచ్చిరో కూడ దానితోపాటు నమోదు చేయవలెను. తెలుగు శాఖల పరిశోధకులు తాళపత్రములకు చూపు శ్రద్ధలో కొంత యీ కాగితములకును చూపుట యవసరము. తాళపత్రమునకు ప్రత్యంతరము దొరకవచ్చును. ఆ రికార్డులను తొలుత విన్న వృద్ధులు గతించినచో వారి మాటకు ప్రత్యంతరము లేదు.