ప్రభువు చిత్తమైతే: ఒంగోలు కథ

మన తెలుగు క్రైస్తవ కుటుంబాల ఉత్తరాలలో "ప్రభువు చిత్తమైతే" అన్న మాట తరచు కనిపిస్తుంది. హిందూ కుటుంబాలవారు "దైవేచ్ఛ" అంటారు. సిడ్నీలో ఉన్నా, పెర్త్‌లో ఉన్నా మనకు ఈ అలవాటు పోలేదు. ఉద్యోగం మారాలన్నా, ఇల్లు కొనాలన్నా, పిల్లల పెళ్ళి కుదరాలన్నా ఈ మాట వస్తుంది. అయితే ముందు మనమే నిశ్చయించుకొని, తరువాత దానికి దేవుడి పేరు పెట్టడం కూడా లోకంలో ఉన్నదే. ఏది దేవుని చిత్తం, ఏది మన కోరిక అని తేల్చుకోవడం ఎలా? ఈ ప్రశ్నతో ఏళ్ళ తరబడి మల్లగుల్లాలు పడినవారి చరిత్ర ఒకటి ఒంగోలులో ఉంది. దానిని ఇక్కడ క్లుప్తంగా చెప్పుకొందాం.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే 1836లో తెలుగువారి మధ్య పని ఆరంభించి, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళు గడిచినా సంఘంలో చేరినవారిని వేళ్ళమీద లెక్కించవచ్చు. ఖర్చు దండగ, నెల్లూరు మిషన్ మూసివేద్దామన్న ప్రతిపాదన అమెరికాలో మళ్ళీ మళ్ళీ వచ్చింది. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సమావేశంలోనూ ఇదే చర్చ. దేశపటంలో నెల్లూరు ఒంటరి నక్షత్రంలా ఉందని ఎవరో అన్న మాట పట్టుకొని, శామ్యూల్ స్మిత్ అనే కవి ఒక పద్యం రాశాడు. దానితో సభ్యుల మనసు మారి, మిషన్ బతికింది.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు ఒంగోలు పక్కన ఉన్న కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఈ ఊరికి ఒక బోధకుడిని పంపమన్నది వారి ప్రార్థన. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. కాని బోధకుడు మరునాడు రాలేదు, మరుసటి ఏడూ రాలేదు. 1862లో మిషన్ మూసివేత మాట మళ్ళీ లేచింది. అప్పుడు స్వదేశంలో సెలవులో ఉన్న జూయెట్, మీరు పంపకపోతే నేనొక్కణ్ణే వెళ్ళి అక్కడే ప్రాణం విడుస్తానని పట్టుబట్టాడు. చివరకు జాన్ క్లౌ 1865లో నెల్లూరికి, 1866లో ఒంగోలుకు వచ్చాడు. ప్రార్థనకు, జవాబుకు మధ్య 12 ఏళ్ళు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ప్రారంభమైనప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

క్లౌ పూర్వాశ్రమంలో భూములు కొలిచే సర్వేయరు. మనలో ఇంజనీర్లకు ఆయన తీరు వెంటనే అర్థమవుతుంది: లెక్క తేలందే అడుగు వెయ్యడు. వచ్చిన కొత్తలోనే ఆయనకు ఒక చిక్కు వచ్చింది. ఊరి పెద్దలు తమ పిల్లలను ఆయన బడికి పంపారు. పెద్ద కులాలవారు కదిలితే మిగిలిన ఊరు తనంతట అదే కదులుతుందని ఆనాటి మిషనరీలలో చాలామంది నమ్మకం. ఇంతలో మాదిగవారు రాసాగారు. వారిలో ముఖ్యుడు తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య. తోళ్ళ వ్యాపారం చేసుకొనే ఈయన, క్లౌ రాకముందే క్రైస్తవ బోధ విని, తనవారికి స్వయంగా చెబుతున్నవాడు. వీళ్ళను చేర్చుకొంటే మా పిల్లలను మానిపిస్తామని పెద్దలు ఖండితంగా చెప్పారు.

ఆ రాత్రి క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరొక గదిలో ప్రార్థిస్తూ బైబిలు తెరిచారట. ఇద్దరికీ కనిపించినది కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం. లోకం లెక్కచేయనివారినే దేవుడు ఎన్నుకొంటాడన్నది దాని సారాంశం. ఇది యాదృచ్ఛికమని కొందరనవచ్చు. మేము గమనించమనేది ఆ తరువాత జరిగినది: వారు మాదిగలను చేర్చుకొన్నారు, పెద్దింటి పిల్లలు బడి మానేశారు, ఊరి ఆదరణ పోయింది. పల్లెల్లో క్రైస్తవులైనవారికి కష్టాలు ఇంకా ఎక్కువ. ఆదివారం వెట్టికి రామన్నందుకు, గ్రామదేవత కొలుపులో డప్పు కొట్టమన్నందుకు వారికి పని లేకుండా చేశారు, నీళ్ళు కట్టేశారు. దొరగారి విశ్వాసం కంటే వీరి విశ్వాసానికి చెల్లించిన వెల పెద్దదని మా అభిప్రాయం.

తరువాత 1876-78 నాటి ఘోరమైన కరువు వచ్చింది. మద్రాసు రాజధానిలో లక్షల మంది చనిపోయారు. అప్పటికి వేరువేరు కాలనీలుగా ఉన్న ఈ ఆస్ట్రేలియాలో కూడా 1877లో ఆ కరువు నిధికి చందాలు పోగుచేశారు. మనం స్థిరపడిన ఈ నేలకూ, మన పల్లెల ఆకలికీ అంత పాత సంబంధం ఉంది. క్లౌ ఊరికే గంజి పోయడంతో తృప్తిపడలేదు. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకొన్నాడు. పాత సర్వేయరు విద్య అక్కరకు వచ్చింది. తెలుగు బోధకులు మేస్త్రీలయ్యారు, వేలమంది కూలి చేసుకొని బతికారు.

పని చేసినవారిలో ఎందరో బాప్తిస్మం అడిగారు. మిషన్ బతకడానికి సంఖ్యలే ఆధారమనుకొన్న రోజులవి. ఇదే ప్రార్థనకు జవాబు అని చేతులు చాచి తీసుకొని ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. క్లౌ మాత్రం ఒప్పుకోలేదు. కూటి కోసం కోటి విద్యలు గదా! ఆకలితో ఉన్నవాడి మాటను విశ్వాసంగా లెక్క కట్టరాదని ఆయన వాదం. సుమారు 15 నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు తగ్గి, సహాయం ఆపివేశాక, ఇక ఇవ్వడానికి మా దగ్గర ఏమీ లేదని చెప్పించాడు. జనం అయినా వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు వేసుకొని. ఆ సంవత్సరం మొత్తం మీద 9,000 పైచిలుకు.

చరిత్రకారులు ఈ ఉద్యమానికి మరి కొన్ని కారణాలు చూపుతారు. వెట్టి నుంచి విముక్తి, అక్షరం, మనిషిగా మర్యాద మాదిగవారు కోరుకొన్నారని అంటారు. అది నిజమే. వాటిని కోరడం విశ్వాసానికి విరుద్ధమని మేము అనుకోము.

మన ప్రశ్నకు ఈ కథలో ఒక ఆచరణీయమైన జవాబు ఉంది. జూయెట్ 12 ఏళ్ళు ఆగాడు. క్లౌ దంపతులు ఊరి పెద్దల మన్నన వదులుకొన్నారు. పేరయ్య వంటివారు కూలి వదులుకొన్నారు. కరువులో చేతికందిన సంఖ్యను కూడా క్లౌ వదిలి చూశాడు. మన లాభమూ దేవుని చిత్తమూ ఒకటే అనిపించినప్పుడు మరి కాస్త ఆగి పరీక్షించడం వారి పద్ధతి. ఆగినంత కాలం చేతులు ముడుచుకొని కూర్చోనూ లేదు, కాలువ తవ్వారు. ఇక మీదట మనం ఉత్తరంలో "ప్రభువు చిత్తమైతే" అని రాసేటప్పుడు, ఆ పని జరగకపోయినా సరేనని మనసు ఒప్పుకొంటోందో లేదో ఒకసారి చూసుకొని రాద్దాం.