ఖాళీ గడిలో ఏం రాయాలి?

మా తాతగారు అర్జీ అన్నారు. మా నాన్నగారు అప్లికేషన్ అన్నారు. మా తరం వచ్చేసరికి అది బయోడేటా అయింది. అదీ మన ఇళ్ళల్లో రెండు విధాల పనికొచ్చేది, ఉద్యోగానికొకటి, పెళ్ళి సంబంధానికొకటి! ఇప్పటి పిల్లలు రెజ్యూమే అంటున్నారు. పేరేదైతేనేం లెండి, ఉన్నది ఒక్క కాగితం. మన మొహం ఎరగని మనిషెవరో దాన్ని పైనించి కిందికి ఒక్కసారి చూసి, "సరే, ఈవిణ్ణి రమ్మనండి" అనాలి. అంత బరువూ పాపం ఆ కాగితమే మొయ్యాలి.

ఈ కాగితం చరిత్ర చెప్పమంటే చాలామంది ఇటలీనించి మొదలుపెడతారు. 1482 ప్రాంతంలో లియొనార్డో డావిన్సీ మిలాన్ పాలకుడు లుడొవీకో స్ఫోర్జాకి రాసుకున్న ఉత్తరమే లోకంలో మొట్టమొదటి రెజ్యూమే అంటారు. ఆ 'మొట్టమొదటి' అన్నమాట నేను నమ్మను. అంతకు ముందు ఎవరూ ఎవరినీ కొలువు అడగనే లేదా? మన కవులు రాజుల వాకిళ్ళ ముందు నిలబడలేదా? అయినా ఆ ఉత్తరంలో ఓ గడుసుదనం ఉంది. తేలిగ్గా మోసుకుపోయే వంతెనలు కడతానన్నాడు, ఫిరంగులు చేస్తానన్నాడు, చప్పుడు కాకుండా సొరంగాలు తవ్విస్తానన్నాడు. ఇలా యుద్ధానికి పనికొచ్చేవన్నీ వరసగా చెప్పుకొచ్చి, చిట్టచివర, శిల్పాలు చెక్కగలను, బొమ్మలు కూడా వెయ్యగలను అని ఓ ముక్క కలిపాడు. బొమ్మలు 'కూడా'ట! చదివే ప్రభువుకి ఏం కావాలో అది ముందు రాశాడన్నమాట. బాగానే ఉంది. కానీ మనలో చాలామందికి ఉన్న ఇబ్బంది ఆ ఉత్తరంలో కనిపించదు. కాగితం మీద పెట్టి చూపించుకోలేని ఏళ్ళ ఇబ్బంది అది.

మా వీధిలో ఒకమ్మాయి ఉంది. ఎమ్.కామ్. చదివింది. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు ఒక ఆఫీసులో లెక్కలు చూసింది. ఆ తరవాత ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన మామగారు. పిల్లలు కాస్త ఎదిగాక మళ్ళీ ఉద్యోగం చేద్దామని కాగితం ముందేసుకు కూర్చుంది.

"పదేళ్ళు అక్కయ్యా! ఈ పదేళ్ళ గడిలో ఏం రాయను? ఇంట్లో కూర్చున్నానని రాయనా?" అంది.

"కూర్చున్నావా?" అన్నాను.

"కూర్చోడానికి తీరికేదీ!" అని నవ్వేసింది. నవ్విందే గానీ కళ్ళల్లో భయం కనిపిస్తూనే ఉంది.

అప్పుడు నేను ఆ అమ్మాయికి సలహా ఏమీ చెప్పలేదు. ఒక అర్జీ సంగతి చెప్పాను. 1912 ఫిబ్రవరి 9న మద్రాసు ట్రిప్లికేన్‌లో కూర్చుని, పోర్టు ట్రస్టు ఆఫీసులో గుమాస్తా పనికోసం ఇరవైనాలుగేళ్ళ కుర్రాడు ఒకడు రాసుకున్న అర్జీ అది. ఆ కుర్రాడి పేరు శ్రీనివాస రామానుజన్.

అప్పటికి ఆయన కాగితంలో గడి ఎంత ఖాళీగా ఉందో చూడండి. 1903లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యాడు. కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో స్కాలర్‌షిప్పుతో చేరాడు. లెక్కలు తప్ప ఇంకేదీ ముట్టుకోడే! దాంతో స్కాలర్‌షిప్పు కాస్తా పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి మన విశాఖపట్నం వెళ్ళిపోయాడు. ఆ తల్లి ఎంత తల్లడిల్లిపోయి ఉంటుందో! మర్నాటి ఏడు మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరి ఎఫ్.ఏ. పరీక్షకి కూర్చుంటే తప్పింది. 1907లో మళ్ళీ కూర్చుంటే మళ్ళీ తప్పింది. 1909లో పెళ్ళి చేశారు. పెళ్ళికూతురు జానకికి పదేళ్ళు. మర్నాటి ఏడు ఆయనకి ఆపరేషను. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు. ఉన్నవల్లా లెక్కలతో నిండిన నోటుపుస్తకాలు. అవి కూడా వట్టి ఫలితాలే. కాగితం ఖరీదు భరించలేక పలక మీద లెక్క చేసుకుని, మోచేత్తో తుడిచేసి, తేలినదాన్ని మాత్రమే పుస్తకంలోకి ఎక్కించేవాడు. ఎలా తేలిందో చూపించమంటే కాగితం మీద ఏమీ ఉండదు. గృహిణి చేసే పనిలాగే ఉంది కదూ? వంట కనిపిస్తుంది, చేసిన పని కనిపించదు.

ఇక అర్జీలో ఏం రాశాడు? మీ ఆఫీసులో గుమాస్తా పని ఖాళీ ఉందని తెలిసింది, దానికి దరఖాస్తు పెట్టుకుంటున్నాను అన్నాడు. మెట్రిక్యులేషన్ ప్యాసయ్యాననీ, ఎఫ్.ఏ. దాకా చదివాననీ, కొన్ని అవాంతరాలవల్ల చదువు ముందుకు సాగలేదనీ చెప్పాడు. అయితే అప్పట్నించీ తన కాలమంతా గణితానికే వినియోగిస్తున్నానన్నాడు. పని ఇప్పిస్తే దానికి న్యాయం చేస్తానన్న నమ్మకం తనకుందని ముగించాడు. అంతే! మన ఇంటి పద్దుల చీటీ ఇంతకంటే పొడుగుంటుంది.

నన్నడిగితే ఆ అర్జీలో ప్రాణమంతా 'అయితే' అన్నచోటే ఉంది. అబద్ధం ఒక్కటీ లేదు. ఎఫ్.ఏ. ప్యాసయ్యానని రాయలేదు, 'దాకా' చదివానన్నాడు. అవాంతరాలు వచ్చాయన్నాడు గానీ, స్కాలర్‌షిప్పు ఎందుకు పోయిందీ, విశాఖపట్నం ఎందుకు పారిపోయాడూ, ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అన్నవేవీ ఎత్తలేదు. అవాంతరాల మీద అరవాక్యం పెట్టి, ఆ అవాంతరాల్లోనే తను చేసిన పని మీదికి మళ్ళిపోయాడు. ఖాళీ ఉన్నమాట నిజమే, ఆ ఖాళీలో నేను చేసిందిదీ అన్నాడు. క్షమించమని అడగలేదు, జాలి పడమనీ అడగలేదు. ప్రెసిడెన్సీ కళాశాల గణితాచార్యుడు మిడిల్‌మాస్ట్ దొర ఇచ్చిన సిఫార్సు ఉత్తరం దానికి జతచేశాడు. 1912 మార్చి 1న పనిలో చేరాడు. నెలకి ముప్ఫై రూపాయలు జీతం.

ఆ ఒక్క చీటీతోనే పని దొరికిందని చెబితే మాత్రం మిమ్మల్ని మోసం చేసినట్టే. దాని వెనక రెండేళ్ళ తిరుగుడు ఉంది. 1910లో తిరుక్కోయిలూరు వెళ్ళి, డిప్యూటీ కలెక్టరు వి. రామస్వామి అయ్యర్‌ని ఆయన ఆఫీసులో ఏదైనా చిన్న ఉద్యోగం ఇప్పించమన్నాడు. ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ పెట్టింది ఆయనే. నోటుపుస్తకం తిరగేసి, ఇంతటివాణ్ణి రెవెన్యూ శాఖ అడుగుమెట్టు మీద కూలెయ్యడానికి మనసొప్పక, ఉద్యోగం ఇవ్వకుండా మద్రాసుకి పరిచయపు ఉత్తరాలిచ్చి పంపాడు. ఉద్యోగం ఇవ్వకపోవడం కూడా ఒక్కోసారి ఉపకారమేనేమో! కానీ ఆకలితో ఉన్నవాడికి అది ఉపకారంలా కనిపించడానికి ఎంతకాలం పట్టి ఉంటుందో ఆలోచించండి.

ఆ ఉత్తరాలు చేతులు మారి మారి ఆయన్ని మన నెల్లూరు చేర్చాయి. అప్పుడు నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావుగారు. ఆయనకీ గణితమంటే ఇష్టం. మాసిన బట్టలు, గీసుకోని గడ్డం, చంకలో నలిగిన నోటుపుస్తకం, మెరిసే కళ్ళు. మొదటిసారి ఆయనకి కనిపించిన రామానుజన్ అలా ఉన్నాడట. ఆ పుస్తకంలో ఉన్నది నిజమో, వట్టి గాలికబుర్లో ఆయనకే అంతుపట్టలేదు. అది కనిపెట్టి రామానుజన్ ఒక పని చేశాడు. తన గొప్ప ఫలితాలన్నీ పక్కనపెట్టి, ముందు తేలికైనవి చూపించాడు. అవి అర్థమయ్యాక కొంచెం కష్టమైనవి, ఆ తరవాత ఇంకా కష్టమైనవి. అలా మెట్టుమెట్టుగా ఎక్కించుకుపోయేసరికి కలెక్టరుగారు లొంగిపోయారు. నీకేం కావాలి అని అడిగితే, పని చేసుకుంటూ బతకడానికి కాస్తంత ఆధారం చాలన్నాడు. రావుగారు కొంతకాలం నెలనెలా పాతిక రూపాయలిచ్చారు. ఒకరి దానం మీద బతకడం ఇష్టంలేకనే రామానుజన్ మళ్ళీ గుమాస్తా పనుల వెంటపడ్డాడు.

ఈ కథ విని మా వీధి అమ్మాయి, "నాకు కలెక్టరుగారు ఎక్కడ దొరుకుతారక్కయ్యా?" అంది. న్యాయమైన ప్రశ్నే! మనకి చెప్పేవాళ్ళుండరు. అయినా ఆ రాత్రి కూర్చుని గడి నింపింది. ఇంటి బాధ్యతలవల్ల ఉద్యోగం మానేశాను అని ఒక్క ముక్క రాసింది. కింద, ఆరేళ్ళుగా తమ అపార్టుమెంటు జమాఖర్చులు తనే చూస్తున్నదనీ, మామగారి ఆస్పత్రి బిల్లులూ ఇన్సూరెన్సు వ్యవహారాలూ తనే నడిపిందనీ, రెండు నెలలుగా టాలీ మళ్ళీ నేర్చుకుంటున్నదనీ రాసింది. మొదట రాసిన చిత్తులో కన్నీళ్ళు ఓ పేరా ఉన్నాయి. అది కొట్టేసింది. నాలుగుచోట్లకి పంపితే ఒకచోటినించి పిలుపొచ్చింది.

సరే, రామానుజన్ దగ్గరికి వద్దాం. పోర్టు ట్రస్టులో చేరిన పదినెలలకి, 1913 జనవరి 16న, ఆయన ఇంకో ఉత్తరం రాశాడు. కేంబ్రిడ్జిలో ఉన్న జి.హెచ్. హార్డీకి. అంతకుముందు అక్కడే ఇద్దరు పేరున్న పండితులకి రాస్తే ఆదరణ దొరకలేదని జీవితచరిత్రకారులు చెబుతారు. ఈ మూడో ఉత్తరంలో తనెవరో మొదటి వాక్యంలోనే చెప్పేశాడు. ఏడాదికి ఇరవై పౌన్ల జీతం మీద బతికే గుమాస్తానన్నాడు. వయసు ఇంచుమించు ఇరవైమూడన్నాడు. పుట్టింది 1887 డిసెంబరులో కాబట్టి నిజానికి ఇరవైఐదు. వయసు తగ్గించి చెబుతారని మనల్నే ఆడిపోసుకుంటారు గానీ!

ఈ ఉత్తరంలో నాకు నచ్చింది వేరే ఉంది. ఎవరికి రాస్తున్నాడో వాళ్ళ పుస్తకం చదివి మరీ రాశాడు. ఫలానా పేజీలో మీరు ఇది ఇంతవరకూ ఎవరికీ తేలలేదన్నారు, అది నాకు దొరికింది అన్నాడు. ప్రధాన సంఖ్యల గురించిన ముచ్చట అది. వినోదం ఏమిటంటే, అంత ధీమాగా చెప్పిన ఆ సంగతే చివరికి సరికాదని తేలింది. అయినా ఏం? వెంట పేజీలకి పేజీలు, నూరుకి పైగా సిద్ధాంతాలు జతచేశాడు. హార్డీ మొదట ఎవడో మాయగాడనుకున్నాడు. తరవాత స్నేహితుడు లిటిల్‌వుడ్‌ని పిలిచి, ఇద్దరూ వాటిని ముందేసుకు కూర్చున్నారు. కొన్ని ఇదివరకే తెలిసినవి. కొన్ని ఎన్నడూ చూడనివి. అవి నిజమే అయివుండాలి, కాకపోతే అలాంటివి కల్పించగల ఊహ ఎవరికుంటుంది అనుకున్నాడు హార్డీ. డిగ్రీల జాబితా ఉండాల్సినచోట చేసిన పని ఉంది మరి!

హార్డీ జవాబు రాగానే రామానుజన్ మొహమాటపడలేదు. తను అర్ధాకలితో ఉన్నాననీ, బుర్ర నిలబడాలంటే ముందు తిండి కావాలనీ, మీరు నాలుగు మంచిమాటలు రాస్తే ఇక్కడ స్కాలర్‌షిప్పు దొరుకుతుందనీ తిరిగి రాశాడు. జీవనం సంగతి మొదటి గుమాస్తా అర్జీలో ఎత్తనివాడు ఇప్పుడెందుకు ఎత్తాడు? తన పని విలువ చూసినవాడి దగ్గర అడిగాడు కాబట్టి. 1913 మే నెలనించి మద్రాసు విశ్వవిద్యాలయం నెలకి డెబ్బైఐదు రూపాయలు ఇచ్చింది. 1914 మార్చి 17న ఓడెక్కాడు. తక్కిన కథ మీకు తెలిసిందే.

మీకు అంతగా తెలియనిది జానకిగారి కథ. 1920లో ఆయన పోయేటప్పటికి ఆవిడకి ఇరవైఒక్కేళ్ళు. పిల్లలు లేరు. విశ్వవిద్యాలయం ఇచ్చే పింఛను చిన్నది. కొన్నాళ్ళు బొంబాయిలో అన్నగారి దగ్గరుండి కుట్టుపని నేర్చుకుంది, కాస్త ఇంగ్లీషూ నేర్చుకుంది. మళ్ళీ మద్రాసు వచ్చి, భర్త గుమాస్తాగిరీకి అర్జీ రాసుకున్న ఆ ట్రిప్లికేన్‌లోనే, కుట్టుమిషను పెట్టుకుని బతికింది. ఆడపిల్లలకి కుట్లు నేర్పింది. 1950లో, తల్లి పోయిన స్నేహితురాలి కొడుకుని దగ్గరికి తీసి, పెంచి, చదివించింది. 1994లో పోయింది. ఆవిడ కాగితం ఎవరైనా రాయాల్సివస్తే, 'గణితవేత్త భార్య' అన్న ముక్క తరవాత డెబ్బైనాలుగేళ్ళ గడి ఉంటుంది.