గెడ్డ నీరు నెమ్మదించాక: అరకు కొండల్లో పిల్లల మలేరియా

మన్యంలో మలేరియా అనగానే వానాకాలం గుర్తొస్తుంది. ప్రభుత్వ కార్యక్రమాలూ ఎక్కువగా ఆ లెక్కనే సాగుతాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు లోయ, డుంబ్రిగుడ, అనంతగిరి, ముంచింగిపుట్టు మండలాల పసిపిల్లల విషయంలో వానలు తగ్గాక వచ్చే మూడు నెలల్ని విడిగా చూడాలన్నది ఈ వ్యాసం వాదన.

ఇక్కడ జ్వరాన్ని మోసేవి ప్రధానంగా రెండు దోమలు. అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ వానలతో పెరుగుతుంది. అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్‌కు సన్నగా పారే తేట నీరు కావాలి. గెడ్డ (కొండవాగు) పొంగినప్పుడు దాని లార్వాలు కొట్టుకుపోతాయి. అక్టోబరు దాటి, ఒడ్డున గడ్డి మొదళ్ల దగ్గర నీరు నెమ్మదించాక మళ్లీ పుంజుకుంటుంది. మనిషి నెత్తురుకే ఎక్కువగా మరిగిన దోమ కాబట్టి తక్కువ సంఖ్యలో ఉన్నా చేటు ఎక్కువే. పక్కనున్న జయపురం కొండల మలేరియాపై పెర్రీ అనే పరిశోధకుడు 1914లోనే అధ్యయనం ప్రచురించాడు. ఆ కాలంలో పిల్లల పొట్ట తడిమి, ఎందరికి బల్ల (ప్లీహం) పెరిగిందో లెక్కపెట్టి ఊరి మలేరియాను అంచనా కట్టేవారు. ఆ పద్ధతి మూలపడటం నా దృష్టిలో నష్టమే. పదేపదే జ్వరాన పడ్డ బిడ్డ సంగతి ఒక్కనాటి నెత్తురు పరీక్షలో తెలియదు.

గోడకు కొట్టిన పైరెథ్రాయిడ్ మందు పది పన్నెండు వారాలు పనిచేస్తుంది. వేసవిలో ఒక విడత, వానల్లో ఒక విడత కొడితే నవంబరుకల్లా దాని పదును తగ్గిపోతుంది. ఆపైన పండగకు మట్టిగోడ అలికితే మిగిలిన మందు కాస్తా పూత కింద పడుతుంది. (అందుకు ఇల్లాలిని తప్పుపట్టే నివేదికలు రాయడం తేలికే, అలకని గోడతో పండగ చేసుకోమని ఎవరు చెప్పగలరు?) పోడు పంట కాపలా, కోతలు కూడా అప్పుడే. పెద్దలు కొండమీది పాకల్లో, మంచెల మీద రాత్రులు గడుపుతారు. పాలు తాగే బిడ్డ తల్లి వెంటే ఉంటుంది. దోమతెర ఊళ్లో ఇంట్లో ఉండిపోతుంది.

చికిత్స దగ్గర పరిస్థితి మెరుగు. ఆశా కార్యకర్త వేలు గుచ్చి తీసిన చుక్క నెత్తురుతో ఫాల్సిపారమో వైవాక్సో అరగంటలోపే తేలుతుంది. ఫాల్సిపారమ్ మందుల ప్యాకెట్లకు వయసును బట్టి రంగులున్నాయి: ఏడాదిలోపు గులాబి, 1–4 ఏళ్లకు పసుపు, 5–8కి ఆకుపచ్చ, 9–14కి ఎరుపు. ఆర్టిసునేట్ మూడు రోజులు వేయాలి. మొదటి రోజు దానితోపాటు సల్ఫాడాక్సిన్–పైరిమెథమిన్, రెండో రోజు ఒక మోతాదు ప్రైమాక్విన్. ఏడాదిలోపు బిడ్డకు ప్రైమాక్విన్ ఇవ్వరు. చదువు రాని తల్లికీ అర్థమయ్యే ఏర్పాటిది. అయితే మోతాదు నిజానికి బరువును బట్టి ఉండాలి. తిండి చాలక, ఐదేళ్లు నిండినా మూడేళ్ల బిడ్డ బరువే ఉంటే ఆకుపచ్చ ప్యాకెట్ ఎక్కువైపోవచ్చు. అంగన్‌వాడీ తూకం పుస్తకం చూసి ప్యాకెట్ ఇవ్వడం కష్టమైన పనేం కాదు. ఇంకో చిక్కు: మందు వాడి పరాన్నజీవి చచ్చాక కూడా దాని ప్రోటీన్ కొన్ని వారాలు నెత్తురులో ఉండి కిట్‌పై గీత చూపిస్తుంది. నెల తిరక్కుండా మళ్లీ జ్వరమొచ్చిన బిడ్డకు స్లైడ్ పరీక్ష తప్పదు. ఫిట్స్ వచ్చినా, మగతలోకి జారినా మాత్రలతో కాలయాపన చేయకూడదు, డోలీ కట్టి ఆసుపత్రికి చేర్చాల్సిందే. ఆర్టిసునేట్ ఇంజెక్షన్ క్వినైన్ కంటే మరణాలను 22.5 శాతం తగ్గించిందని ఆఫ్రికా పిల్లలపై జరిగిన ఆక్వామాట్ పరిశోధన 2010లో తేల్చింది.

పుణెలో తయారయ్యే ఆర్21 టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సిఫారసు చేసింది. అది ఆఫ్రికా పిల్లలకు అందుతోంది, మన కార్యక్రమంలో లేదు. టీకా కోసం ఆగకుండా చేయగలిగింది సరిహద్దు అవతలే ఉంది. ఒడిశా 2017లో మొదలుపెట్టిన దమన్ అనే మలేరియా కార్యక్రమంలో మారుమూల ఊళ్లలో జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ పరీక్ష చేసి, మలేరియా ఉన్నవారికి మందిస్తారు. జ్వరం లేకుండా పరాన్నజీవిని మోసే పిల్లలు దొరికేది అలాంటి పరీక్షల్లోనే. అరకులో దాన్ని రెండు చోట్ల మొదలుపెట్టవచ్చు. సంక్రాంతి సెలవుల నుంచి ఆశ్రమ పాఠశాలకు తిరిగొచ్చిన పిల్లలందరికీ ఆ వారంలోనే పరీక్ష చేయాలి. బడికి రాని చిన్నపిల్లల కోసం నవంబరు, డిసెంబరుల్లో కిట్లూ అదనపు దోమతెరలూ పోడు పాకల దాకా వెళ్లాలి. మూడో విడత మందు కొట్టేట్టయితే, అలికిన గోడ ఆరాకే కొట్టాలి.