పైకప్పు క్రింది కావలి

మదనపల్లె ప్రాంతమందలి పెద్దతిప్పసముద్రం పేరులోని 'సముద్రం' అనగా చెరువు. వానలు తక్కువైన మెరకసీమలో నీటిని ముందుగా కూడబెట్టుట పూర్వుల నేర్పు. అగ్నిని అదుపు చేయుటకును ఇదియే ఉపాయము: నిప్పు పుట్టకమునుపే నీరు సిద్ధముగా నుండవలెను.

1874లో అమెరికాలోని న్యూహేవెన్ నగరమున హెన్రీ పార్మలీ తన పియానోల కర్మాగారమును కాపాడుకొనుటకై, తనంతట పనిచేయు నీటిజల్లును అమర్చెను. వేడికి టంకము కరగగా మూతి తెరచుకొని నీరు చిమ్మును. 1881లో ఫ్రెడరిక్ గ్రిన్నెల్ దానిని మెరుగుపరచెను. నేడు టంకమునకు బదులు తరచుగా ద్రవము నింపిన గాజుబుడ్డిని వాడుచున్నారు. సాధారణముగా అది 68 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పగులును. వేడి తగిలిన బుడ్డియే పగులును గాని, అన్నియు ఒక్కసారిగా పగులవు.

చాలకాలము ఈ సాధనము మిల్లులకు, గిడ్డంగులకే ఎక్కువగా ఉపయోగపడెను. 1975లో అమెరికా జాతీయ అగ్నిరక్షణ సంఘము చిన్న ఇండ్లకు వేరుగా ఒక ప్రమాణమును వెలువరించెను. అందలి నేటి లెక్కను స్థూలముగా ఇట్లు చూడవచ్చును: రెండు జల్లులు, ఒక్కొక్కదానికి నిమిషమునకు 50 లీటర్లు, 10 నిమిషములు; వెరసి 1000 లీటర్లు. మన మిద్దెలపై సాధారణముగా కనిపించు నీళ్లట్యాంకు ఇంతే! అయితే జల్లు వద్ద కనీసము 5 మీటర్ల నీటి ఎత్తునకు సమానమైన ఒత్తిడి కావలెను. గొట్టములలో రాపిడి నష్టము వేరు. కనుక పై అంతస్తునకు పంపు తప్పదు.

2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్ వద్ద, క్రింద దుకాణములు, పైన కాపురములు గల భవనమున మంటలు చెలరేగి 17 మంది మరణించిరి. లోనికి పోవు దారి ఇరుకు. అగ్నిమాపక శకటము ఎంత వేగముగా వచ్చినను దారి వెదకుకొనవలెను. పైకప్పున నున్న నీటికి ఆ పని లేదు.