ఆమేన్ నుంచి ఆలెఫ్ దాకా

విజయవాడ ఏలూరు రోడ్డు పక్కన ఓ పావుగంట నిలబడితే హీబ్రూ మాటలు కళ్లముందు నుంచే పోతుంటాయి. ఒక ఆటో వెనక ‘యెహోవా యీరే’. ఆ వెంటనే వచ్చే సామాన్ల బండి మీద ‘ఎబెనెజరు’. గుణదల వైపు సందుల్లోకి మళ్లితే గుమ్మాల మీద ‘షాలోమ్’, ‘యెహోవా షమ్మా’. రాయించుకున్నవాళ్లకు వాటి భావం తెలుసు, ఆదివారం ప్రసంగాల్లో విన్నదే. ఆ మాటలను విడదీసి చూసినవాళ్లు మాత్రం తక్కువ. యీరే అన్నది ‘చూడటం’ అనే ధాతువు నుంచి పుట్టింది. దేవుడు చూసుకుంటాడు అంటాం కదా, అచ్చంగా అదే. షామ్ అంటే అక్కడ. ఎబెనెజరులో ఎబెన్ రాయి, ఏజెర్ సాయం. ఇలా విడమరిచి చెబితే రోజూ చూసే మాటే కొత్తగా వినిపిస్తుంది.

ఈ మాటలు తెలుగులోకి రావడానికి దారి వేసింది బైబిలు అనువాదం. విశాఖపట్నంలో జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అనే లండన్ మిషనరీలు ఆనందరాయరు సాయంతో మొదలుపెట్టిన పని ఫలితంగా 1812లో సెరంపూరు ముద్రణాలయం నుంచి తెలుగు సువార్తలు వెలువడ్డాయి. 1841లో హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో దిగారు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరాడు. ఆ తరవాత యాభై అరవై ఏళ్లలో డెల్టా పల్లెల్లో సమూయేళ్లు, దానియేళ్లు, రూతమ్మలు, ఎస్తేరమ్మలు పెరిగారు. వాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ వాడలవాళ్లు. ఊళ్లో ‘ఒరే’ అన్న పిలుపు తప్ప ఎరగని ఎందరికో ఆ పేర్లు గౌరవాన్నిచ్చాయి. దానియేలు అంటే దేవుడే నా న్యాయాధిపతి. ఆ పేరు కొడుక్కి పెట్టుకున్న కూలీ తండ్రికి ఆ అర్థం ఎంత అవసరమైందో ఊహించవచ్చు.

అనువాదకులు కొన్నిటిని తెలుగు చేశారు, కొన్నిటిని అలాగే ఉంచేశారు. షబ్బాత్ ‘విశ్రాంతి దినము’ అయింది. కెరూబు, ఏఫోదు, మన్నా హీబ్రూలోనే ఉండిపోయాయి. ఈ మన్నా కథ ముచ్చటైనది. ఎడారిలో తెల్లారి లేచి చూస్తే నేల మీద ఏదో తెల్లగా పరుచుకుని ఉంది. జనం ‘మాన్ హూ?’ అన్నారు. ఇదేమిటి అని. ఆ ప్రశ్నే ఆహారానికి పేరైంది.

హీబ్రూ గుట్టంతా ధాతువులో ఉంది. తెలుగు పాఠకుడికి ఇది కొత్తేమీ కాదు. కృ అనే ధాతువు నుంచి కర్త, కర్మ, క్రియ, కార్యం వచ్చాయని బడిలోనే చదువుకున్నాం. హీబ్రూలో ధాతువు అంటే చాలామటుకు మూడు హల్లులు. మధ్యలో అచ్చులు మార్చి, ముందూ వెనకా ఒకటి రెండు అక్షరాలు తగిలించి మాటలు అల్లుకుంటూ పోతారు. రాతలో ఆ అచ్చులు చాలావరకు కనిపించవు. తలకట్టు, గుడి, కొమ్ము తీసేసి తెలుగు రాసినట్టు. ప, ల అని రాస్తే అది పాలా, పూలా, పులా అన్నది సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి.

మట్టల ఆదివారం నాడు డెల్టా చర్చిలన్నీ ‘హోసన్నా’తో మారుమోగుతాయి. దయచేసి రక్షించు అని దానర్థం. ధాతువు య-ష-అ, రక్షించడం. యెహోషువ, యెషయా, హోషేయ పేర్లన్నీ అందులోంచి వచ్చినవే. యేసు అన్న పేరూ అంతే. ఒకే చెట్టు కొమ్మలని తెలియకుండానే తరాలుగా తెలుగువాళ్లు వీటిని పలుకుతున్నారు. ఆమేన్ సంగతి ఇంకా విశేషం. దాని ధాతువు అ-మ-న, గట్టిగా, నమ్మకంగా ఉండటం. హీబ్రూకు అక్కచెల్లెలు లాంటి అరబీలోనూ ఇదే ధాతువు ఉంది. మసీదులో వినిపించే ఆమీన్ అదే. నమ్మకస్తుడు అనే అర్థంలో అమీన్ ఉర్దూ మీదుగా కచేరీ భాషలోకి వచ్చింది. సమన్లు పట్టుకుని గుమ్మంలో నిలబడే కోర్టు అమీనా, ప్రార్థన చివర పలికే ఆమేన్ ఒకే వేరు నుంచి మొలిచాయి. అలాగే మన సలాం, వాళ్ల షాలోమ్, సొలొమోను, సులేమాన్ ఒక కుటుంబం.

హీబ్రూ వ్యాకరణం నేర్చుకోవడం మాత్రం చాలాకాలం పాదిరి చదువుకే పరిమితమైంది. 1964లో రాజమండ్రిలో మొదలై తరవాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల వంటి చోట్ల దాన్ని పాఠంగా చెప్పేవారు. పాత నిబంధన పండితుడు విక్టర్ ప్రేమసాగర్ అక్కడ ప్రిన్సిపాలుగా పనిచేశారు. కూలికి పోయి వచ్చిన మనిషి లాంతరు ముందు కూర్చుని ఆలెఫ్, బేత్ దిద్దుకోవడం అన్నది ఎవరి ఊహలోనూ లేదు.

అది గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో జరిగింది. గుంటూరు నుంచి పొన్నూరు దారిలో చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉన్న చేబ్రోలు వస్తుంది. దాని పక్క ఊరే ఇది. అక్కడ నలభై దాకా మాదిగ కుటుంబాలు తాము యూదులమని చెప్పుకుంటాయి. అంతకుముందు వాళ్లు బాప్టిస్టు క్రైస్తవులు. ఉత్తర ఇశ్రాయేలు రాజ్యం అస్సీరియా చేతిలో కూలినప్పుడు చెదిరిపోయిన ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని, అందుకే బెనే ఎఫ్రాయిమ్ అని తమ పేరని అంటారు. షమూయేల్ యాకోబి, ఆయన తమ్ముడు సాదోక్ యాకోబి ఈ ప్రయత్నానికి ముందు నిలిచారు. క్రైస్తవ బోధకుడిగా ఉన్న షమూయేల్ 1980లలో యెరూషలేము వెళ్లి వచ్చాక దారి మార్చుకున్నారు. 1990ల మొదట్లో ఊళ్లో సినగాగు వెలిసింది. సాదోక్ పిల్లలకూ పెద్దలకూ హీబ్రూ చెప్పారు. అమెరికాలోని కులాను సంస్థ వీళ్లకు చేయూతనిచ్చింది. కులాను అంటే హీబ్రూలో మనమందరం.

వీళ్ల వంశ చరిత్రకు పత్రాల ఆధారం లేదు. గుర్తింపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ వీళ్ల మధ్య ఉండి పరిశోధించి 2013లో ఇంగ్లిషులో పుస్తకం తెచ్చారు. కులం వీళ్ల మీద వేసిన ముద్ర, దాన్ని దాటి తమ చరిత్రను తామే చెప్పుకోవాలన్న పట్టుదల ఆ కథలో కేంద్రం. వంశం సంగతి ఎలా తేలినా, ఒక పల్లె వాడ కొత్త లిపిని తన శ్రమతో నేర్చుకుందన్నది గట్టి నిజం. తరతరాలుగా చదువుకు దూరంగా నెట్టిన వాడలో ఇది చిన్న విషయం కాదు. ఆ గురువు పేరులోనే ఒక పాఠం ఉంది. సాదోక్ ధాతువు స-ద-క, నీతి. దానధర్మానికి హీబ్రూ మాట ‘సెదాకా’ అదే ధాతువు. పేదకు ఇచ్చేది దయ కాదు, న్యాయం అని ఆ భాష మాటలోనే చెప్పేస్తోంది.

కొత్త భాష నేర్చుకునేవాళ్లను పోలికలు ఊరిస్తాయి. తండ్రిని హీబ్రూవాళ్లు అబ్బా అంటారు, తెలుగులోనూ అబ్బ అంటే తండ్రే. అమ్మను వాళ్లు ఇమా అంటారు. అంతమాత్రాన రెండూ ఒక భాష కావు. పసినోటికి ముందు పలికేవి ఆ పెదవి అక్షరాలే. హీబ్రూ సెమెటిక్ కుటుంబానిది, తెలుగు ద్రావిడ కుటుంబానిది. నిజమైన బంధుత్వం ఇంకోచోట ఉంది. సొలొమోను ఓడలు మూడేళ్లకోసారి మోసుకొచ్చిన సరుకుల్లో కోతులు, నెమళ్లు ఉన్నాయని రాజుల మొదటి గ్రంథం పదో అధ్యాయం చెబుతుంది. అక్కడ కోతికి వాడిన మాట ‘కోఫ్’, మన కపి. నెమలికి వాడినది ‘తుక్కీ’. దాన్ని పండితులు తమిళ ‘తోగై’తో ముడిపెడతారు. మన ‘తోక’ దాని తోబుట్టువు. ఎస్తేరు గ్రంథంలోని ‘కర్పాస్’ మన కార్పాసం, అంటే పత్తి. మిషనరీలు రాక మునుపే, రెండు వేల ఏళ్లకు పైగా వెనక, మన వైపు మాటలు అటు ప్రయాణం చేశాయి.

ప్రార్థనలోనూ గ్రంథాల్లోనూ మిగిలిన హీబ్రూను ఇంటి భాషగా మళ్లీ నిలబెట్టాలని 1881లో యెరూషలేము చేరిన ఎలియేజెర్ బెన్ యెహూదా బయల్దేరాడు. పాత ధాతువుల నుంచే కొత్త మాటలు తీశాడు. మిలా అంటే మాట, మాటల పుస్తకం ‘మిలోన్’, నిఘంటువు. ఏత్ అంటే కాలం, దాన్నుంచి ‘ఇతోన్’, వార్తాపత్రిక. ఇటు అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి శాస్త్రాలను తెలుగులోకి దించుతున్న కాలమూ దాదాపు అదే. నేటి హీబ్రూలో బడి ‘బేత్ సెఫెర్’, పుస్తకపు ఇల్లు. ఆసుపత్రి ‘బేత్ హోలీమ్’, రోగుల ఇల్లు. విద్యాలయం, వైద్యాలయం అన్న మన మాటలూ ఇదే అచ్చులో పోసినవి. షబ్బాత్ ధాతువు ఆగిపోవడం. అందులోంచే సమ్మెకు ‘ష్వితా’ అన్న మాట చేసుకున్నారు. బెజవాడ కార్మికులకు ఈ వరస వెంటనే అర్థమవుతుంది.

ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లకు సేవచేసే ఉద్యోగాల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లకు మొదట కావలసిన మాటలు సావ్తా (అవ్వ), మాయిమ్ (నీళ్లు), కెఎవ్ (నొప్పి), త్రుఫా (మందు), రోఫే (డాక్టరు). త్రుఫా, రోఫే రెండూ ర-ప-అ, అంటే నయం చేయడం అన్న ధాతువుకు చుట్టాలు. అమ్మ ఊళ్లో గోడ మీద రాయించుకున్న ‘యెహోవా రాఫా’ అదే మాట. ఆ సంగతి తెలిసిన మనిషి త్రుఫా అన్న మాటను ఇక మరిచిపోదు.

నేర్చుకోవాలనుకునేవాళ్లు దూరం పోనక్కర్లేదు. ఇంట్లో తెలుగు బైబిలు ఉంటే 119వ కీర్తన తీయండి. ఎనిమిదేసి వచనాలకు ఒక మాట అచ్చువేసి ఉంటుంది. ఆలెఫ్, బేత్, గీమెల్, దాలెత్... చాలామంది దాన్ని దాటేసి చదువుతారు. అవి హీబ్రూ అక్షరాల పేర్లు. మూలంలో ఆ ఎనిమిది వచనాలూ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. మొత్తం 22 అక్షరాలు, 176 వచనాలు.