పుల్లరి నుంచి పిస్గా దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాసి పంపమని కార్యదర్శిగారు ఫోను చేసిన రోజున నేను ఒక ప్రయాణపు సన్నాహాల్లో తలమునకలుగా ఉన్నాను. ఆ సన్నాహాలే ఈ వ్యాసానికి దారితీశాయి.

వచ్చే మే నెలలో నేనూ, మా ఆవిడా అమెరికాలో మా అబ్బాయి దగ్గరకు వెళుతున్నాము. వాడుండేది నార్త్ కరోలినా రాష్ట్రంలోని షార్లెట్ నగరం. "నాన్నా, ఈసారి గుళ్లూ షాపులూ కాదు, అడవిలో గుడారం వేసుకుని రెండు రాత్రులు ఉందాం" అన్నాడు. నేను ముప్పైమూడేళ్లు అడవుల ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ని. అయినా అడవిలో ఒక్క రాత్రి పడుకున్న పాపాన పోలేదు. నాకు తెలిసిన అడవంతా ఫైళ్లలోదీ, రిజిస్టర్లలోదీ. మా ఆవిడ మాత్రం రెండే ప్రశ్నలు అడిగింది. బాత్రూములుంటాయా? ఎలుగుబంట్లుంటాయా? రెండూ ఉంటాయని వాడు జవాబిచ్చాడు.

మేము వెళ్లబోయే అడవి పేరు పిస్గా నేషనల్ ఫారెస్టు. దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుందామని కూర్చుంటే అందులో ఒక పాత పరిచయస్థుడు తగిలాడు. ఆయనే డీట్రిచ్ బ్రాండిస్ దొర.

మన శాఖలో పనిచేసిన మిత్రులకు ఈ పేరు కొత్త కాదు. 1824లో జర్మనీలోని బాన్ నగరంలో పుట్టాడు. చదివింది వృక్షశాస్త్రం. 1856లో బర్మాలోని పెగూ టేకు అడవుల మీద అధికారిగా వచ్చాడు. 1864లో భారతదేశానికి మొట్టమొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్ అయ్యాడు. రైల్వే స్లీపర్ల కోసం, ఓడల కోసం అడవులు నరికేస్తున్న కాలమది. ఎంత పెరుగుతున్నదో లెక్కకట్టి అంతే నరకాలన్న పద్ధతిని ఈ దేశంలో పాదుకొల్పినవాడు ఆయన. డెహ్రాడూన్ ఫారెస్టు స్కూలు 1878లో మొదలయింది. అదే ఏడాది కఠినమైన అటవీ చట్టం కూడా వచ్చింది.

మద్రాసు ప్రభుత్వం ఆ చట్టాన్ని వెంటనే ఒప్పుకోలేదు. ఊరివాళ్ల హక్కు లేని అడవి మా రాజధానిలో ఎక్కడున్నదని రెవిన్యూ బోర్డు అడ్డం తిరిగింది. చివరకు 1882లో మద్రాసు అటవీ చట్టం వేరుగా వచ్చింది. బ్రాండిస్ స్వయంగా మద్రాసు వచ్చి పరిశీలించి రాసిన సూచనలు 1883లో అచ్చయ్యాయి. సర్కారు అడవులతో పాటు ఊళ్లకు ఊరి అడవులు కూడా ఉండాలన్నది ఆయన వాదం. సర్కారు ఆయన చెప్పిన రిజర్వు అడవులను పట్టుకుని, ఊరి అడవులను చాలావరకు వదిలేసింది. ఫైలులో తనకు కావలసిన పేరా మటుకు అమలుచేసి మిగతాది మూలన పడేయడం మనవాళ్లు ఆనాటి నుంచే నేర్చారన్నమాట.

మాది పల్నాడు. అడవిలో గొడ్డు మేస్తే సర్కారుకు కట్టే పన్ను పుల్లరి. కట్టకపోతే గొడ్లను బందెలదొడ్డికి తోలేవారు. మా తాత 1900 ప్రాంతంలో పుట్టినవాడు. బందెలదొడ్డి దగ్గర రెండు రోజులు కాపలా కూర్చుని ఆవును విడిపించుకున్న సంగతి మాకు ఎన్నోసార్లు చెప్పాడు. 1921లో పల్నాడు రైతులు పుల్లరి కట్టమని ఎదురు తిరిగారు. అధికారులకు చాకలి, మంగలి సాయం కూడా అందకుండా చేశారు. 1922లో మించాలపాడులో కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. అదే ఏడు ఆగస్టులో మన్యంలో అల్లూరి సీతారామరాజు పితూరీ మొదలయింది. దానికీ అడవి ఆంక్షలు ఒక ముఖ్య కారణం. నిజాం వైపున 1940లో జోడేఘాట్ దగ్గర నేలకొరిగిన కొమురం భీం పోరాటానికి మరో వ్యాసం కావాలి. రాయగల మిత్రులు రాయాలని విన్నపం.

ఇక పిస్గాకు వద్దాం. బ్రాండిస్ 1883లో పదవీ విరమణ చేసి బాన్ చేరుకున్నాడు. మనలాగే పెన్షనరు. కానీ ఊరకే కూర్చోలేదు. అడవుల విద్య నేర్చుకోవాలని వచ్చిన గిఫర్డ్ పించో అనే అమెరికా కుర్రవాణ్ని దగ్గరకు తీసి, ఎక్కడ చదవాలో చెప్పి, యూరపు అడవులు తిప్పి చూపించాడు. ఆ పించో 1892లో నార్త్ కరోలినాలో జార్జి వాండర్‌బిల్ట్ అనే కోటీశ్వరుడి ఎస్టేటు అడవులకు అధికారి అయ్యాడు. 1895లో ఆ పనికి వచ్చిన కార్ల్ షెంక్ అనే జర్మనుకూ బ్రాండిస్ సిఫారసే. షెంక్ 1898లో అక్కడ పెట్టిన అటవీ పాఠశాల అమెరికాలో మొదటిది. 1909లో యజమానితో చెడి ఉద్యోగం పోయింది, 1913లో పాఠశాల మూతపడింది. ఆ చోటును ఇప్పుడు అమెరికా అడవుల విద్యకు ఊయల అని పిలుస్తున్నారు.

1914లో వాండర్‌బిల్ట్ చనిపోగా, ఆయన భార్య ఈడిత్ సుమారు 86,700 ఎకరాల అడవిని ఎకరం 5 డాలర్ల లెక్కన ప్రభుత్వానికి అమ్మింది. నదులు పుట్టే చోట్ల ప్రైవేటు భూములు కొనవచ్చునని 1911లో వచ్చిన వీక్స్ చట్టం దానికి వీలు కల్పించింది. 1916లో పిస్గా నేషనల్ ఫారెస్టు ఏర్పడింది.

నేషనల్ పార్కు వేరు, నేషనల్ ఫారెస్టు వేరు. చాలామందికి ఈ తేడా తెలియదు, నాకూ నిన్నటిదాకా తెలియదు. రెండోది అక్కడి వ్యవసాయ శాఖ కింద ఉంటుంది. అందులో కలప కొట్టవచ్చు, గొడ్లు మేపవచ్చు, వేటాడవచ్చు. అన్నింటికీ అనుమతులుంటాయి. 1905లో ఈ అడవులన్నీ ఆ శాఖకు మారినప్పుడు మొదటి అధిపతి ఈ పించోయే.

1906లో ఆయన అమెరికా అడవుల్లో మేపుకు రుసుము విధించాడు. అంటే పుల్లరే! పశ్చిమాన గొడ్ల యజమానులు భగ్గుమన్నారు. కొలరాడోలో ఫ్రెడ్ లైట్ అనే ఆయన అనుమతి లేకుండా గొడ్లను అడవిలోకి వదిలాడు. ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1911లో ప్రభుత్వం పక్షాన తీర్పయింది. లైట్ ఓడిపోయి ఇంటికి వెళ్లాడు. హనుమంతు ఇంటికి వెళ్లలేదు. ఒకే గురువు దగ్గర మొదలైన పద్ధతి, ఓటున్న రైతు మీదకు ఒక రకంగా, ఓటులేని రైతు మీదకు ఇంకో రకంగా వచ్చిందని నా అభిప్రాయం. అలాగని అక్కడంతా ధర్మమేనని అనడంలేదు. ఆ కొండలు అంతకుముందు చెరోకీ జాతివారివి. 1838లో వారిలో అత్యధికుల్ని సైన్యం పెట్టి పడమరకు తోలేశారు. దారిలో వేలమంది పోయారు.

మా సన్నాహాల సంగతి క్లుప్తంగా చెబుతాను, పిల్లల దగ్గరకు వెళ్లే మిత్రులకు ఉపయోగపడవచ్చు. మేముండబోయేది బ్రెవార్డ్ ఊరి దగ్గర డేవిడ్సన్ నది ఒడ్డున ఉన్న క్యాంపు మైదానంలో. స్నానాల గదులున్నాయి. నెలల ముందే చోటు రిజర్వు చేసుకోవాలి. 62 ఏళ్లు దాటినవారికి రాయితీ పాసు ఉన్నది కానీ అది అక్కడి పౌరులకు, స్థిరనివాసులకు మాత్రమే. మనలాంటి సందర్శకులకు వర్తించదు. 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను ఆ కొండలను అతలాకుతలం చేసింది కాబట్టి ఏ దారి తెరిచారో, ఏది మూశారో బయలుదేరే ముందు విచారించుకోవాలి. తినుబండారాలు గుడారంలో ఉంచకూడదు, వాసనకు ఎలుగు వస్తుంది. మా ఆవిడ ఆవకాయ సీసా కారులోనే ఉండిపోతుంది. నా మోకాళ్లకు మడతమంచం కొంటానని అబ్బాయి మాట ఇచ్చాడు.

ఈ జాబితా ఫోనులో రాసుకుంటూ, మంటకు కట్టెలు కొని తీసుకుపోదామా అని అడిగాను. పురుగు పడుతుందని బయటి కట్టెలు తేనివ్వరట. వేడిచేసి ముద్ర వేసినవైతేనే సరే. "కింద రాలిన ఎండు పుల్లలు మనమే ఏరుకోవచ్చు నాన్నా, పర్మిట్ అక్కర్లేదు" అన్నాడు.

కాసేపు నాకు మాట రాలేదు. నేను పనిచేసిన ఒక డివిజన్లో (పేరెందుకు లెండి) ఎండు పుల్లల మోపులు ఎత్తుకొస్తూ పట్టుబడ్డ ఆడవాళ్ల కేసులు రిజిస్టరులో ఎక్కించింది నేను. మోపూ పోయేది, జరిమానా పడేది, కొడవలి స్వాధీనమయ్యేది. ఎవరిని వదలాలో, ఎవరిని పట్టాలో గార్డు ఇష్టం. వాళ్లు ఆఫీసు వరండాలో కూర్చుని నన్ను "దొరా" అనేవారు. కనీసం కొడవళ్లు తిరిగి ఇప్పించమని ఒక్క నోటు పెట్టి ఉండవచ్చు. పెట్టలేదు. రిటైరైన రోజు చార్జి అప్పగించిన సామాను జాబితా కాపీ నా దగ్గర ఇప్పటికీ ఉన్నది. పద్నాలుగో అంశం: కొడవళ్లు, తుప్పుపట్టినవి, 11.

పుల్లలు ఏరే పని మా మనవడికి అప్పగించాలని వాళ్లు అనుకుంటున్నారు. ఆ పని నాకు వదలమని చెప్పాను. "వంగలేవు తాతయ్యా" అంటున్నాడు వాడు.